యజమాని గది ముందు క్యూ ఎందుకు పెరుగుతుంది?

12 మంది ఉన్నప్పుడు సాయంత్రంలోగా తేలిపోయిన పని, 60 మంది అయ్యాక వారం రోజులు ఎందుకు పడుతుంది? మనుషులు ఐదింతలయ్యారు, మగ్గాలు పెరిగాయి, ఆఫీసు గదికి ఏసీ కూడా వచ్చింది. పని మాత్రం నత్తనడక. కంపెనీ పెట్టి నాలుగు మెట్లు ఎక్కిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. చాలామంది జవాబు కూడా తామే చెప్పుకుంటారు: "ఈ కాలం కుర్రాళ్లకు బాధ్యత లేదు." ఆ జవాబు చాలావరకు తప్పు. కుర్రాళ్లను మార్చినా క్యూ తగ్గదు.

మాట గాల్లో తేలకుండా ఒక ఊళ్లో దింపి చూద్దాం. విరుదునగర్ జిల్లాలో రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు ప్రాంతంలో, పడమటి కనుమల దాపున ఉన్న ఊరు మంసాపురం. తమిళనాట మన భాష ఇంకా ఇళ్లలో వినిపించే నేల ఇది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇన్వాయిస్ మీద ఇంగ్లీషు. రాజపాళయం పక్కనే ఉన్న చత్రపట్టి ఆసుపత్రులకు వెళ్లే బ్యాండేజీ గుడ్డకు పేరున్న చోటు. కాబట్టి మంసాపురంలోనూ ఒక బ్యాండేజీ యూనిట్ ఉందనుకుందాం. యూనిట్ ఊహ, అందులో నేను వేసే అంకెలూ ఊహే. వాటి వెనక నడిచే లెక్క మాత్రం ఏ ఊరికైనా ఒకటే.

మొదట్లో 12 మంది. యజమాని పొద్దున నూలు బస్తాలు దింపించుకుంటాడు, మధ్యాహ్నం మగ్గాల మధ్య తిరుగుతాడు, సాయంత్రం మదురై నుంచి వచ్చిన ఫోనుకు తనే జవాబు చెబుతాడు. నూలు లావుగా వచ్చిందంటే ముందు ఆయన వేళ్లకే తెలుస్తుంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో నోటికి వచ్చు. ఈ దశలో నిర్ణయం అనే వస్తువు విడిగా కనబడదు. చూడటం, తేల్చడం, చేయించడం మూడూ ఒకే తలలో జరిగిపోతుంటాయి.

60 మంది అయ్యేసరికి నూలు కొనడానికి ఒకరు, పడుగు సిద్ధం చేయడానికి ఇద్దరు ముగ్గురు, మగ్గాల మీద మేస్త్రీ, గుడ్డను బయట బ్లీచింగ్‌కు పంపి తెప్పించడానికి ఇంకొకరు, కత్తిరించి చుట్టి ప్యాక్ చేసే ఆడవాళ్లు, లెక్కల గుమాస్తా, ఆసుపత్రుల చుట్టూ తిరిగే సేల్స్ కుర్రాడు. ఆర్డర్ ఒకటే, అది ఏడు చేతులు మారాలి. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లే ప్రతిచోటా ఒక మాట చెప్పాలి, ఒక మాట వినాలి. కంపెనీ చిక్కంతా ఈ చేతులు మారే చోట్లలోనే ఉంది.

ఎన్ని చోట్లో లెక్క వేయవచ్చు. 12 మందిలో ఎవరితో ఎవరైనా మాట్లాడుకోవలసి వస్తే 66 జంటలు. 60 మందిలో 1,770 జంటలు. మనుషులు ఐదింతలు పెరిగితే మాట్లాడుకోవలసిన దారులు దాదాపు 27 రెట్లు పెరిగాయి. ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ తయారీని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో రాసిన పుస్తకంలో ఈ లెక్కనే ముందు పెట్టి, ఆలస్యమైన పనికి ఇంకా మనుషుల్ని చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నాడు. కొత్తవాళ్లు పని నేర్చుకోవాలి, నేర్పడానికి పాతవాళ్ల పని ఆగాలి, మధ్యలో మాటల దారులు పెరగాలి.

అదే 60 మందిని పదేసి మంది చొప్పున ఆరు బృందాలు చేసి, బృందం లోపల బృందం, బయట మాత్రం ఆరుగురు పెద్దలే ఒకరితో ఒకరు మాట్లాడుకునేటట్టు పెడితే ఆ 1,770 కాస్తా 285 అవుతుంది. ఒక్కో బృందంలో 45, ఆరింటికి 270, పెద్దల మధ్య 15. విభాగాలు పెట్టడంలో అసలు లాభం ఇదే. బోర్డు మీద మేనేజరు పేరు రాయించడం కోసం విభాగం పెట్టినవాళ్లకు ఈ లాభం రాదు. పేరు మేనేజరుదైనా మాట యజమాని దగ్గరికే పోతుంటుంది కదా.

క్యూ ఒక్కసారిగా ఎందుకు విరుచుకుపడుతుంది?

"పోయిన ఏడు దాకా బాగానే నడిచింది, ఈ ఏడు ఏమైందో" అంటారు. ఇందులో వింత లేదు. యజమాని రోజుకు 8 గంటలు, అంటే 480 నిమిషాలు, పూర్తిగా నిర్ణయాలకే ఇచ్చాడనుకోండి. ఒక్కోదానికి సగటున 10 నిమిషాలు. రోజుకు 48 తేల్చగలడు. రోజుకు 36 ప్రశ్నలు వస్తే, ఒక్కోటీ సగటున 30 నిమిషాలు ఆయన గది బయట ఆగుతుంది. 45 వస్తే? 48 లోపే కదా, ఫరవాలేదనిపిస్తుంది. కానీ సగటు నిరీక్షణ 150 నిమిషాలకు ఎగబాకుతుంది. ప్రశ్నలు పెరిగింది పావు వంతు, ఆలస్యం పెరిగింది ఐదింతలు.

ఇలా ఎందుకంటే, ప్రశ్నలు పది నిమిషాలకొకటి చొప్పున బుద్ధిగా రావు. ఉదయం పదింటికి మూడు కలిసి వస్తాయి, పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక్కటీ రాదు. ఒకటి రెండు నిమిషాల్లో తేలుతుంది, ఇంకొకటి అరగంట తింటుంది. ఖాళీగా గడిచిన గంటను దాచుకుని గుంపుగా వచ్చిన గంటలో వాడుకోలేం. తీరిక తగ్గేకొద్దీ ఒకసారి పేరుకున్న క్యూ కరగడానికి సమయం దొరకదు. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ గురించి మొదలుపెట్టిన గణితం ఇది. టెలిఫోన్ ఎక్స్‌చేంజికి పనికొచ్చిన లెక్కే యజమానికీ పనికొస్తుంది. ఆయన కూడా అన్ని తీగలూ వచ్చి కలిసే చోటే.

అందుకే "ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చుంటాను" అన్న పరిష్కారం కొన్నాళ్లే నిలుస్తుంది. కంపెనీ ఇంకో పావు వంతు పెరగగానే మళ్లీ అదే చోటికి వస్తాం, పైగా బీపీతో. క్యూ తగ్గాలంటే గది దాకా వచ్చే ప్రశ్నల సంఖ్య తగ్గాలి.

వాళ్లంతట వాళ్లు తేల్చుకోవచ్చుగా, ఎందుకు అడుగుతారు?

యజమానులు ఎక్కువగా చిరాకు పడేది ఇక్కడే. "అయ్యా, బెల్టు తెగింది, కొత్తది తెప్పించమంటారా?" అని మేస్త్రీ ఫోను. బెల్టు తెగితే తెప్పించక ఏం చేస్తారు? ఈ మాత్రానికి ఫోనా?

మేస్త్రీ వైపు నుంచి చూడండి. చెప్పకుండా తెప్పించి, ధర ఎక్కువైతే నలుగురి ముందు మాట పడాలి. మంచి ధరకు తెచ్చినా మెచ్చుకునేవాళ్లు లేరు. అడిగితే మాత్రం ఏ నష్టమూ లేదు. మగ్గం రెండు గంటలు ఆగిన నష్టం ఏ పుస్తకంలోనూ ఎక్కదు, ఎక్కినా దాని మీద మేస్త్రీ పేరు ఉండదు. ఇన్ని చూసుకున్నాక తెలివైనవాడెవడైనా అడుగుతాడు. మేస్త్రీకి బాధ్యత లేక కాదు, ఉన్న బాధ్యతను జాగ్రత్తగా పైకి తోసేయడం నేర్చుకున్నాడు. నేర్పింది యజమానే.

కుటుంబ కంపెనీల్లో దీనికి ఇంకో మెలిక ఉంటుంది. అన్న కాదన్నదాన్ని చిన్నాయనతో అవుననిపించుకోవచ్చు. సేల్స్ కుర్రాడు ముప్పై రోజుల అరువు అడిగితే అన్న ఒప్పుకోడు. సాయంత్రం గుడి దగ్గర చిన్నాయన కనబడితే, "పోనీలేరా, పాతవాళ్లే కదా, ఇవ్వు" అంటాడు. మరుసటి నెల డబ్బు రాకపోతే ఎవరిని అడగాలి? ఇద్దరూ పెద్దవాళ్లే. గౌరవం ఉన్న చోట ఎదురు ప్రశ్న ఉండదు, ఎదురు ప్రశ్న లేని చోట లెక్క తేలదు. నేను చుట్టరికానికి వ్యతిరేకిని కాను. 12 మంది కంపెనీలో చుట్టరికమే అన్నిటికంటే చవకైన ఆడిటింగ్. ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు, ఏ ఇంటివాడు అన్నది తెలిస్తే సగం పూచీకత్తు దొరికినట్టే. కానీ 60 మందిలో అది ఒక్కటే చాలదు. అరువు గురించి చెప్పే మాట ఒక్కరిదే కావాలి. ఆ ఒక్కరు అన్న అయితే చిన్నాయన కూడా "వాడినే అడుగు" అనాలి. దీనికి అన్న కంటే చిన్నాయన ఒప్పుకోవడమే కష్టం.

ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి?

"అన్నీ నేనే చూస్తాను", "మీరే చూసుకోండి" అన్నవి రెండూ బద్ధకపు మాటలే. ఒక్కో నిర్ణయాన్ని విడిగా పట్టుకుని రెండు ప్రశ్నలు వేయాలి. తప్పయితే వెనక్కి తిప్పుకోగలమా? దాని గురించి ఎక్కువ తెలిసినవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడు?

మొదటి ప్రశ్నను అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖ తర్వాత లోకమంతా వల్లించడం మొదలుపెట్టింది. వెనక్కి రాగలిగే నిర్ణయాలను కింద, వేగంగా తీసుకోవాలి, రాలేనివాటిని నిదానంగా తీసుకోవాలి, పెద్ద కంపెనీలు అన్నిటికీ నిదానపు పద్ధతినే వాడి చెడిపోతాయి అన్నది ఆయన వాదన. రెండో ప్రశ్న ఇంకా పాతది. టొయోటా కార్ల కర్మాగారంలో లైను దగ్గర నిలబడ్డ కార్మికుడు లోపం కనబడితే తీగ లాగి లైనును ఆపించగలడు. లోపం మొదట కనబడేది అతనికే కదా. ఆఫీసు నుంచి అనుమతి వచ్చేలోగా లోపమున్న బండ్లు ఎన్నో ముందుకు పోతాయి.

రాజపాళయం వైపు ఎవరికైనా బాగా అర్థమయ్యేది నూలు మిల్లు, కాబట్టి అక్కడే చూద్దాం. బేలు విప్పి పత్తి కలిపే దగ్గర నుంచి కార్డింగ్, డ్రాయింగ్, సింప్లెక్స్, రింగ్ ఫ్రేమ్, కోన్ వైండింగ్ దాకా వరుసగా యంత్రాలు. రింగ్ ఫ్రేమ్‌లో దారాలు ఎక్కువగా తెగుతున్నాయంటే కారణం గాలిలో తేమ కావచ్చు, దారాన్ని రింగు చుట్టూ నడిపే ట్రావెలర్ అనే చిన్న కొక్కెం అరిగి ఉండవచ్చు, కింద నుంచి వచ్చిన పత్తే తేడాగా ఉండవచ్చు. షిఫ్టు మేస్త్రీ చెవికి శబ్దంలోనే తేడా తెలుస్తుంది. ఫ్రేమును ఆపాలా, నడపాలా అన్నది అతనిదే. తప్పయితే పోయేది కొన్ని కిలోల నూలు.

కౌంటు మార్చడం అంత సులువు కాదు. ఒక పౌను బరువులో 840 గజాల చిలుపలు ఎన్ని వస్తే అది అన్నో కౌంటు. 60 కౌంటు నూలంటే ఆ ఒక్క పౌనులోనే 50,400 గజాలు, దాదాపు 46 కిలోమీటర్ల దారం. 40 నుంచి 60కి వెళ్లాలంటే గేర్లు మార్చాలి, ట్రావెలర్లు మార్చాలి, పత్తి మేలురకం కావాలి, మారేదాకా వేస్టు పోతుంది. వెనక్కి రావచ్చు, కానీ కొన్ని రోజుల ఉత్పత్తి సమర్పించుకుని. కాబట్టి ఇది మేస్త్రీది కాదు, అలాగని బోర్డుదీ కాదు. మిల్లు మేనేజరూ సేల్స్ మనిషీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవలసింది.

పత్తి కొనుగోలు మరీ వేరే సంగతి. నూలు ఖర్చులో సగానికి పైగా పత్తిదే. కొత్త పంట అక్టోబరు నుంచి మొదలై మార్కెట్లకు వస్తుంది. అప్పుడు నెలల తరబడి సరిపడా కొని పెట్టుకోవాలా, ధర తగ్గుతుందని ఆగాలా? పత్తి నాణ్యత ల్యాబువాళ్లకు తెలుసు. మార్కెట్ ఎటు పోతోందో బ్రోకరుకు తెలుసు. బ్యాంకులో ఎంత లిమిట్ ఉందో, ఎంత వడ్డీ కట్టాలో యజమానికి తెలుసు. తెలివి మూడు చోట్ల చెదిరి ఉంది, తప్పయితే ఏడాది లాభం పోతుంది. ఇదీ యజమాని సమయం పెట్టవలసిన చోటు. బెల్టు ఫోన్ల మధ్య ఇరవై నిమిషాల్లో పత్తి సంగతి తేల్చేసే మిల్లు, చిన్నవాటి మీద జాగ్రత్త చూపిస్తూ పెద్దదాని మీద జూదమాడుతున్నట్టే.

మన బ్యాండేజీ యూనిట్‌లో అలాంటిది ఏది? ధర కాదు, అరువు కూడా కాదు. బ్యాండేజీ మన చట్టం కింద మామూలు గుడ్డ కాదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింది నిబంధనల్లో షెడ్యూల్ ఎఫ్-2 సర్జికల్ డ్రెస్సింగుల ప్రమాణాలకే కేటాయించింది. ఒక లాటు ప్రమాణానికి కొంచెం తక్కువగా ఉంది, ఆర్డర్ గడువు రేపే. పంపాలా, ఆపాలా? పంపేశాక వెనక్కి తెచ్చుకోలేం, లైసెన్సు మీదికి వస్తుంది, అటు చివర రోగి ఒంటి మీద గాయం ఉంటుంది. చాలా కంపెనీల్లో ఈ నిర్ణయం ప్యాకింగ్ దగ్గర గడువు భయంతో చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. బెల్టు కొనడానికి మాత్రం పై అనుమతి కావాలి.

పెద్దవాళ్లు ఏం చేశారు?

ఎదుగుదల చిక్కును ఎదుర్కొన్న పెద్ద ఉదాహరణ రాజపాళయంలోనే ఉంది. పి.ఎ.సి. రామసామి రాజా (1894–1962) 1936లో రాజపాళయం మిల్స్‌ను స్థాపించారు. 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ వచ్చింది, అంటే మన బ్యాండేజీకి అన్నగారు. 1957లో మద్రాస్ సిమెంట్స్ కంపెనీ రిజిస్టరై, 1960ల మొదట్లో విరుదునగర్ దగ్గర రోజుకు 200 టన్నులతో ఉత్పత్తి మొదలైంది. 1962లో ఆయన పోయాక కొడుకు పి.ఆర్. రామసుబ్రహ్మణ్య రాజా 27 ఏళ్లకే పగ్గాలు అందుకుని 2017లో కన్నుమూసేదాకా నడిపించారు. సిమెంటు రేకులకు 1965లో రామ్‌కో ఇండస్ట్రీస్. 1980లలో సిమెంటు మన వైపుకు, జగ్గయ్యపేట దగ్గర జయంతిపురానికి వచ్చింది. ఈ మధ్యే నంద్యాల జిల్లా కొలిమిగుండ్లలోనూ ప్లాంటు వచ్చింది. 2013లో రామ్‌కో సిమెంట్స్‌గా పేరు మార్చుకున్న ఆ కంపెనీ సామర్థ్యం ఇప్పుడు ఏటా 2 కోట్ల టన్నులు దాటింది. రిజిస్టర్డ్ ఆఫీసు మాత్రం రాజపాళయంలో రామమందిరం అనే భవనమే.

ఇందులో నన్ను ఆపేది టన్నులు కాదు. నూలు, దూది, సిమెంటు, రేకులు వేటికవి విడి కంపెనీలు కావడం. ఒక్కోదానికి తన బోర్డు, తన ఖాతాలు, తన బ్యాంకు అప్పు. నూలు మిల్లుకు తేమ కావాలి, సిమెంటు కొలిమికి 1,450 డిగ్రీల వేడి కావాలి. నూలు నెలనెలా రూపు మార్చుకునే వ్యాపారం. సిమెంటు ప్లాంటు సున్నపురాయి గని పక్కన ఒకసారి నాటితే దశాబ్దాల పాటు కదలదు. ఈ రెండింటినీ ఒకే కొనుగోలు విభాగం, ఒకే సేల్స్ విభాగం కింద పెడితే ఎవరికీ అర్థం కాని చర్చలే మిగులుతాయి. విడగొట్టినప్పుడు ఇందాకటి జంటల లెక్క ఊళ్ల స్థాయిలో పని చేస్తుంది. కొలిమి మేనేజరు పత్తి ధర గురించి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

అమెరికాలో డ్యూపాంట్ ఈ పాఠం దెబ్బతిని నేర్చుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు అమ్మిన కంపెనీ, యుద్ధం తర్వాత రంగుల వ్యాపారంలోకి దిగి, రెండింటినీ ఒకే కేంద్ర ఆఫీసు నుంచి నడిపింది. రంగులు ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ నష్టం వచ్చింది. టన్నుల్లో మందుగుండు కొనే ఖాతాదారుతో మాట్లాడే తీరు వేరు, డబ్బాల్లో రంగు కొనే దుకాణదారుతో వేరు. 1921లో సరుకు వారీగా విభాగాలు చేశాక పరిస్థితి చక్కబడింది. ఆల్‌ఫ్రెడ్ చాండ్లర్ 1962లో ఆ కథను వివరంగా రాశాడు.

విడగొట్టడం ఉచితంగా రాదు. రామ్‌కో సంస్థలు ఒకదానిలో ఒకటి వాటాలు ఉంచుకున్నాయి. రామ్‌కో సిమెంట్స్‌లో సుమారు ఐదో వంతు రామ్‌కో ఇండస్ట్రీస్‌దే. బయట నుంచి చూసేవాడు మొత్తం అర్థం చేసుకోవాలంటే నాలుగైదు వార్షిక నివేదికలు పక్కపక్కన పరుచుకోవాలి. లోపలివాళ్లకు తగ్గిన చిక్కులో కొంత బయటివాళ్ల నెత్తికెక్కింది. నా దృష్టిలో ఇది చెల్లించదగ్గ వెలే, కానీ వెల వెలే.

అయితే 60 మంది యూనిట్ ఆరు కంపెనీలు పెట్టలేదు. దానికి ముందు చవకైన మందు ఇంకొకటి ఉంది, సరుకు రకాలు తగ్గించడం. బ్యాండేజీ 5, 7.5, 10, 15 సెంటీమీటర్ల వెడల్పుల్లో నాలుగు. పొడవులు మూడు. ప్యాకింగులు మూడు. స్టెరిలైజ్ చేసినది, చేయనిది. గుణిస్తే 72 రకాలు. ఒక్కోదానికి స్టాకు, లేబులు, ధర, పాత లేబుళ్ల కట్ట. కొత్త రకం చేర్చడానికి సేల్స్ కుర్రాడి ఒక్క ఫోను చాలు. తీసేయడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు, ఆ రకం కొనే ఒకే ఒక్క ఆసుపత్రి అలుగుతుందేమోనని. ఏడాదికోసారి అమ్మకాల పుస్తకం తీసి, తక్కువ అమ్ముడయ్యే 30 రకాలు మొత్తం డబ్బులో ఎంత తెచ్చాయో చూడండి. ఆ 30 మానేస్తే వాటి వెంట వచ్చే ప్రశ్నలన్నీ మాయమవుతాయి. నిర్ణయాలను పంచడం కంటే నిర్ణయం అవసరమే లేకుండా చేయడం మేలు, ఎందుకో దీనికి పుస్తకాల్లో తగినంత చోటు దొరకదు.

వదిలేస్తే చెడిపోదా?

చెడిపోతుంది, చూడటం కూడా వదిలేస్తే. అనుమతి ఇవ్వడం, చూడటం రెండు వేర్వేరు పనులు. అనుమతి పనికి ముందు వస్తుంది, పనిని ఆపుతుంది. చూడటం పని అయ్యాక వస్తుంది, దేన్నీ ఆపదు. పెరుగుతున్న కంపెనీ మొదటిదాన్ని తగ్గించి రెండోదాన్ని పెంచుకోవాలి.

చిన్న యూనిట్‌లో ఇలా చేయవచ్చు. మేస్త్రీ 5,000 రూపాయల దాకా విడిభాగాలు అడక్కుండా తెప్పించవచ్చు. తెప్పించిన రోజే నోటుబుక్కులో రాయాలి: ఏమిటి, ఎందుకు, ఎంత, ఎవరి దగ్గర. శనివారం యజమాని ఆ పేజీలు చూస్తాడు. హద్దు లోపల ధర ఎక్కువ పెట్టాడనిపిస్తే, వచ్చేసారి ఎక్కడ అడగాలో చెబుతాడు. మాట అనడు. రాయకుండా వదిలేస్తే మాత్రం గట్టిగానే అంటాడు. మొదటి నెల బుక్కు చూస్తే యజమానికి నిద్ర పట్టదు. ధరలు తను తెచ్చేవాటి కంటే ఎక్కువ ఉంటాయి. ఆ తేడాను రాసి పక్కన పెట్టుకుని, మగ్గాలు ఆగని గంటల విలువను దాని పక్కన రాయాలి. ఎక్కువసార్లు రెండోదే పెద్దదిగా తేలుతుంది. తేలకపోతే హద్దును 3,000కు దించండి, పద్ధతిని మానేయకండి.

చూపు మూసుకుపోతే ఏమవుతుందో మనవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన సత్యం కంప్యూటర్స్ 2009 నాటికి 50,000 మంది దాటింది. ఎదుగుదల చిక్కును అది తెలివిగానే ఎదుర్కొంది. కంపెనీని లోపల చిన్న చిన్న వ్యాపారాలుగా చేసి, ఒక్కోదానికి పూర్తి బాధ్యత ఉన్న నాయకుణ్ణి పెట్టే పద్ధతి తెచ్చుకుంది. నిర్ణయాలు కిందికి వెళ్లాయి. బ్యాంకులో నిజంగా ఎంత డబ్బు ఉందన్నది మాత్రం పై కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయింది. 2008 డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఇండిపెండెంట్ డైరెక్టర్లున్న బోర్డే ఆమోదం తెలిపింది. మదుపరులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగ రాజు రాజీనామా లేఖతో పుస్తకాల్లోని 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేనివని బయటపడింది. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది, తీర్పు మీద అప్పీలు వెళ్లింది.

ఈ కథను దురాశ కథగానే చెప్పుకుంటాం. కాదనను. కానీ కింద వేలాదిమంది నిజాయితీగా నిర్ణయాలు తీసుకుంటున్న కంపెనీలోనే ఇది జరిగింది. మేస్త్రీ బుక్కును శనివారం చూసే యజమాని ఉన్నాడు, యజమాని బుక్కును ఎవరు చూస్తారు? మంసాపురం యూనిట్‌కు బోర్డు ఉండదు. కానీ బ్యాంకు స్టేట్‌మెంటును యజమాని చేతి మీదుగా కాకుండా నేరుగా తెప్పించుకుని చూసే ఆడిటరు ఉండవచ్చు. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ ఇందులో వాటా ఉన్న చెల్లెలు ఉండవచ్చు. ఆమెకు మూడు నెలలకోసారి లెక్క పంపి, ఆమె అడిగిన ప్రశ్నకు కాగితం మీద జవాబివ్వడం చాలామంది అన్నలకు నామోషీ. అయినా చేయాల్సిందే.

సాఫ్ట్‌వేర్ ఎప్పుడు కొనాలి?

చూడటం గురించి మాట్లాడితే చివరికి కంప్యూటరు దగ్గరికే వస్తాం. అందులోనూ రాజపాళయం మూలాలున్నవాళ్లే ముందున్నారు. రామ్‌కో ఇండస్ట్రీస్‌లో ఒక విభాగంగా మొదలైన పని 1990లలో కంపెనీ పనులన్నిటినీ ఒకేచోట లెక్కలో ఉంచే మార్షల్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌గా బయటికి వచ్చింది, ఆ తర్వాత రామ్‌కో సిస్టమ్స్ విడి కంపెనీ అయింది. దూది, సిమెంటు అమ్మిన సంస్థలు తమలాంటి కంపెనీల చిక్కును విప్పే సరుకు కూడా అమ్మడం మొదలుపెట్టాయన్నమాట.

అయినా తొందరపడవద్దు. సాఫ్ట్‌వేర్ ఉన్న పద్ధతిని గట్టిపరుస్తుంది, లేనిదాన్ని పుట్టించదు. ప్రతిదానికీ యజమాని అనుమతి కావాలన్న కంపెనీలో ఈఆర్‌పీ పెడితే, గది బయట నిలబడ్డ క్యూ కాస్తా ఆయన ఫోను తెరలోకి వస్తుంది, అంతే. "అప్రూవల్ పెండింగ్ 43" అని ఎర్రంకె. ముందు 72 రకాలు 42 కావాలి, అరువు మాట ఒక్కరిది కావాలి, మేస్త్రీ నోటుబుక్కు ఆరు నెలలు తప్పకుండా నడవాలి. అప్పుడు ఏ పేజీని కంప్యూటర్‌లో ఎక్కించాలో మేస్త్రీయే చెబుతాడు.

కొనే రోజు వచ్చినప్పుడు, డెమోకు వచ్చినవాళ్లు తాము తయారుచేసుకున్న ఉదాహరణతో మొదలుపెడతారు. అది చూడకండి. పోయిన నెలలో మీ దగ్గర అన్నిటికంటే గందరగోళమైన ఆర్డరు ఏదో దాని కాగితాలు, కొట్టివేతలతో సహా, వాళ్ల చేతికిచ్చి, నూలు దింపిన దగ్గర నుంచి లారీ ఎక్కేదాకా ఎక్కించి చూపించమనండి. మేస్త్రీనీ ప్యాకింగ్ పెద్దమ్మనీ పక్కన కూర్చోబెట్టుకోండి.